ఫ్లాష్ చేసిన స్విచ్ దానంతటదే ఆరిపోతోంది, లాగ్ తెరిస్తే మాత్రం బుద్ధిగా ఉంటోంది

గోడస్విచ్

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

నా దగ్గర రెండు మీటల గోడ స్విచ్ ఒకటి ఉంది. లోపల ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్. లైటు వేయడానికి కూడా ఎవరిదో సర్వర్ దాకా వెళ్లి రావడం నచ్చక, దాన్ని విప్పి, తీగలకు టంకం పెట్టి, కంపెనీ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) తీసేసి ఈఎస్‌పీహోమ్ ఎక్కించాను, అంటే ఫ్లాష్ చేశాను. ఇంట్లో పరికరాలన్నిటినీ నడిపే నా సొంత సర్వర్ హోమ్ అసిస్టెంట్‌లో రెండు మీటలూ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. ఫోన్‌లో నొక్కినా పని చేస్తోంది, గోడ మీద నొక్కినా పని చేస్తోంది. ఆ సాయంత్రం నన్ను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు.

రాత్రి చదువుకుంటుంటే లైటు ఆరిపోయింది. మళ్లీ వేశాను. కాసేపటికి మళ్లీ ఆరింది. ఒకసారి ఐదు నిమిషాలకు, ఇంకోసారి పన్నెండు నిమిషాలకు. ఇంకో విచిత్రం చెప్తే నవ్వుతారేమో. కారణం పట్టుకుందామని ల్యాప్‌టాప్‌లో లాగ్ (స్విచ్ తన పని రాసే చిట్టా) తెరిచి గంటన్నర కాపలా కూర్చున్నాను. ఒక్కసారి కూడా ఆరలేదు. విసుగొచ్చి మూసేసి పడుకోబోయాను, ఆరిపోయింది.

ఆటోమేషన్లు ఏవీ పెట్టలేదు. హోమ్ అసిస్టెంట్ హిస్టరీలో ఆరే ముందు కొన్ని సెకన్ల పాటు 'అందుబాటులో లేదు' అని సన్నటి గీత కనిపిస్తోంది, అంతే. ఎక్కడ వెతకాలో చెప్పండి.

టంకంపొగ

కొన్ని సెకన్లు మాయమై తిరిగి వస్తోందంటే బోర్డు రీస్టార్ట్ అవుతోంది. రిలే (లైటును వేసి ఆర్పే లోపలి భాగం) పడిపోవడం దాని ఫలితం. నా అనుభవంలో పదింట ఏడు కేసులు కరెంటు సంగతే. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో ఈఎస్‌పీ8266 గట్టిగా లాగుతుంది, 3.3 వోల్టుల లైను కాస్త కుంగితే చాలు, పడిపోతుంది. టంకం పెట్టినప్పుడు రెగ్యులేటర్ దగ్గర ఏమైనా కదిలిందేమో చూడండి.

ఒక మాట ముందే చెప్తున్నాను, వింటారని నమ్మకం లేకపోయినా చెప్తాను. బోర్డు మెయిన్స్‌లో ఉండగా యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ తగిలించి లాగ్ చూడాలని మాత్రం అనుకోకండి. ఇలాంటి చవక బోర్డుల్లో గ్రౌండ్ అని రాసి ఉన్న గీత నేరుగా మెయిన్స్‌కే కలిసి ఉంటుంది. ముందు పోయేది ల్యాప్‌టాప్, తర్వాత మీరు.

గోడస్విచ్

లేదండీ, గోడలో బిగించాక సీరియల్ ముట్టుకోలేదు. లాగ్ వైఫై ద్వారానే చూశాను. టంకం మళ్లీ చూశాను, శుభ్రంగానే ఉంది. బోర్డును విడిగా మంచి 3.3 వోల్టుల సప్లై మీద బల్ల మీద పెట్టి కూడా చూశాను. అదే వరస, రిలే టక్కుమంటోంది.

తీగలమూట

అయితే వైఫై. సిగ్నల్ ఎంత ఉంది? రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఒకే పేరుతో ఉన్నాయా? ఈ చిప్‌కు 5 తెలియదు. కొన్ని రూటర్లు 'నువ్వు అటు పో' అని తోస్తుంటాయి, ఇది ఎటూ పోలేక కిందా మీదా పడుతుంది.

గోడస్విచ్

సిగ్నల్ మైనస్ 61 డీబీఎమ్, బాగానే ఉంది. ఇలాంటి పరికరాల కోసం 2.4కు వేరే పేరు పెట్టాను, వేరే నెట్‌వర్క్ కూడా. రూటర్ లాగ్‌లో డిస్‌కనెక్ట్ అయినట్టు విడిగా ఏమీ లేదు, స్విచ్ రీస్టార్ట్ అయినప్పుడు తప్ప.

పాతకాపు

ఊహలు ఆపి రెండు పనులు చేద్దాం.

ఒకటి, మీ యామ్ల్ ఫైల్‌లో (ఈఎస్‌పీహోమ్ సెట్టింగులు రాసేది) అప్‌టైమ్ సెన్సార్ చేర్చండి, బోర్డు లేచి ఎన్ని సెకన్లయిందో అది చెప్తుంది. నాలుగు పదాల పని. లాగ్ మూసేసి, రెండు మూడు గంటలు దాని జోలికి పోకుండా వదిలేసి, హోమ్ అసిస్టెంట్‌లో దాని గ్రాఫ్ ఎలా ఉందో చెప్పండి. లైటు వెలిగి ఉన్నప్పుడే మీకు రీస్టార్ట్ కనబడుతోంది. ఆరి ఉన్నప్పుడు జరిగేవి మీకు తెలియవు. అందుకే ఐదు, పన్నెండు అని లెక్క కుదరడం లేదు.

రెండు, మీ ఫైల్‌లో పైనున్న విభాగాల పేర్లు మాత్రం చెప్పండి. పాస్‌వర్డులు వద్దు.

చుక్కలరాత్రి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ దెయ్యం కేసే, కానీ తలకిందులు. ఈఎస్‌పీహోమ్ లాంటిదే ఇంకో ఫర్మ్‌వేర్ టాస్మోటా, అది ఎక్కించిన ప్లగ్ నాది. రూటర్ ఆపి వేస్తే చాలు, ఆరి ఉన్నది దానంతటదే వెలుగుతుంది. రెండేళ్లుగా బాగానే ఉండేది. నిజానికి రెండేళ్లుగా రూటర్ ఆపలేదనుకోండి. పవర్ వచ్చినప్పుడు ఆరి ఉండాలని పవర్‌ఆన్‌స్టేట్ 0 పెట్టాను, లాభం లేదు.

పాతకాపు

@చుక్కలరాత్రి మీది వేరే జబ్బు. హోమ్ అసిస్టెంట్‌లో ఎప్పుడైనా ఆ ప్లగ్‌ను చేత్తో యామ్ల్ రాసి పెట్టారా? అందులో రీటెయిన్ (చివరి మెసేజ్‌ను దాచి ఉంచు) అన్న లైను ఉందా? ఎంక్యూటీటీ ఎక్స్‌ప్లోరర్‌తో బ్రోకర్‌లోకి (ఎంక్యూటీటీ పద్ధతిలో పరికరాల మెసేజ్‌లు అందుకుని పంచే సర్వర్) వెళ్లి, 'సీఎమ్ఎన్‌డీ' (ఆజ్ఞలు) కింద మీ ప్లగ్ పేరు మీద ఏమైనా కూర్చుని ఉందేమో చూసి రండి.

గోడస్విచ్

గ్రాఫ్ వచ్చింది. అచ్చం రంపం పళ్లలా ఉంది. సున్నా నుంచి ఏటవాలుగా ఎక్కడం, 900 దాకా వెళ్లడం, ధడేల్మని సున్నాకు పడటం. మళ్లీ 900, మళ్లీ సున్నా. మూడు గంటల్లో పన్నెండు పళ్లు లెక్కపెట్టాను.

విభాగాలు: ఈఎస్‌పీ8266, లాగర్, ఏపీఐ, ఓటీఏ, వైఫై, ఎంక్యూటీటీ, బైనరీ సెన్సార్, స్విచ్. రెండు మూడు చోట్ల నుంచి ముక్కలు తెచ్చి అతికించాను.

టంకంపొగ

900 సెకన్లంటే సరిగ్గా పావుగంట. కరెంటు లోపానికి గడియారం తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాతకాపు

దొరికింది. మీ ఫైల్‌లో ఏపీఐ (హోమ్ అసిస్టెంట్‌తో నేరుగా మాట్లాడే ఈఎస్‌పీహోమ్ సొంత దారి) ఉంది, ఎంక్యూటీటీ కూడా ఉంది. హోమ్ అసిస్టెంట్‌లో మీకు కనిపిస్తున్న మీటలు ఎంక్యూటీటీ దారిలో వచ్చినవి. బహుశా 'కొత్త పరికరం దొరికింది' అని ఈఎస్‌పీహోమ్ కార్డు కూడా ఒకటి వచ్చి ఉంటుంది, 'ఇప్పటికే వచ్చేసింది కదా' అని మీరు పక్కకు తోసి ఉంటారు. లేదా మీ వేరే నెట్‌వర్క్ మూలంగా అసలు రానే లేదేమో.

ఈ రెండు దారులకూ పెద్ద తేడా ఉంది. ఎంక్యూటీటీలో స్విచ్చే వెళ్లి బ్రోకర్ తలుపు తడుతుంది, మామూలుగా 1883 పోర్టులో. ఏపీఐలో అలా కాదు. స్విచ్ 6053 పోర్టు తెరుచుకుని కూర్చుంటుంది, హోమ్ అసిస్టెంటే దాని దగ్గరికి రావాలి. మీ స్విచ్ ఏపీఐ తలుపు తెరిచి ఎదురుచూస్తోంది, ఎవరూ రావడం లేదు. 15 నిమిషాలు చూసి 'నా నెట్‌వర్క్ చచ్చిపోయిందేమో' అనుకుని తనను తాను రీస్టార్ట్ చేసుకుంటోంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిందే. కొన్నిసార్లు ఈ చిప్‌లు కనెక్షన్ ఉందని చెప్తూనే లోపల బిగుసుకుపోతాయి, అప్పుడు రీస్టార్ట్ ఒక్కటే మందు. ఆ సెట్టింగ్ పేరు రీబూట్ టైమౌట్, మనం ఏమీ రాయకపోతే 15 నిమిషాలు.

ఇక లాగ్ తెరిస్తే ఎందుకు బుద్ధిగా ఉంది? వైఫై ద్వారా లాగ్ చూడటమంటే మీ ల్యాప్‌టాప్ అదే ఏపీఐ తలుపు గుండా లోపలికి వెళ్లడమే. 'హమ్మయ్య, ఎవరో వచ్చారు' అని అది పావుగంట లెక్క మొదటికి తెచ్చుకుంటుంది. కాపలా ఉన్నంతసేపూ దొంగ రాకపోవడం కాదు, ఇక్కడ కాపలా కాసేవాడే దొంగకు అడ్డం.

ఏదో ఒక దారి ఉంచండి. ఎంక్యూటీటీ తీసేసి ఏపీఐ ద్వారా కలపండి, లేదా ఏపీఐ తీసేయండి. రెండూ ఎందుకో కావాలంటే ఏపీఐ కింద రీబూట్ టైమౌట్ సున్నా సెకన్లు అని రాయండి.

గోడస్విచ్

కార్డు వచ్చింది! మీరన్నట్టే తోసేశాను. 'ఒకే మీట రెండుసార్లు ఎందుకు' అనిపించింది.

పాతకాపు గారూ, మీకు దండం. నేనైతే రేపు బోర్డు పారేసి కొత్తది కొందామనుకుంటున్నాను.

తీగలమూట

నా ఓటు ఎంక్యూటీటీ తీసేయమనే. ఈఎస్‌పీహోమ్‌కు ఏపీఐ ఉండగా మధ్యలో బ్రోకర్ దేనికి? నడిచే వస్తువు ఒకటి పెరిగితే చెడిపోయే వస్తువూ ఒకటి పెరిగినట్టే. ఏపీఐకి ఎన్‌క్రిప్షన్ కీ పెట్టుకోవచ్చు, హోమ్ అసిస్టెంట్ ఆ కీ ఒకసారి అడుగుతుంది, అంతే. పేరు మార్చినా ఐకాన్ మార్చినా ఫైల్ నుంచే వస్తాయి.

టంకంపొగ

ఒప్పుకోను. నా ఇంట్లో సగం టాస్మోటా, సగం ఈఎస్‌పీహోమ్, ఒక మూల ఆటోమేషన్లు నడిపే నోడ్-రెడ్. అందరూ ఒకే బ్రోకర్ దగ్గర మాట్లాడుకుంటారు. హోమ్ అసిస్టెంట్ అప్‌డేట్ అవుతూ పడి ఉన్నా నోడ్-రెడ్ లైట్లు వేస్తూనే ఉంటుంది. ఎంక్యూటీటీ పుట్టింది 1999లో, ఉపగ్రహ లింకుల మీద చమురు పైపులైన్లను గమనించడానికి. బలహీనమైన లైన్ల కోసమే పుట్టిన పద్ధతి. పరికరం చెప్పకుండా పోతే దాని చివరి మాటను బ్రోకరే అందరికీ చెప్తుంది, అది చిన్న విషయం కాదు.

హోమ్ అసిస్టెంట్ ఒక్కటే ఉన్నవాళ్లకు తీగలమూట చెప్పింది సరే. అందరికీ అదే సలహా మాత్రం ఇవ్వకండి.

తీగలమూట

అన్నా, ఆయనకు ఉన్నది ఒక్క స్విచ్చే కదా. చమురు పైపులైన్ కాదు.

ఒకటే_పింగ్

వాదన తర్వాత చేసుకోండి గానీ, అసలు ప్రమాదం ఇంకా అలాగే ఉంది. రేపు ఆయన ఏపీఐకి మారారనుకోండి. హోమ్ అసిస్టెంట్ నడిచే కంప్యూటర్ ఒక రాత్రి ఆగిపోతే? పావుగంటకు మళ్లీ అదే కథ. నేను బాత్రూమ్ లైటుతో ఈ పాఠం నేర్చుకున్నాను. సర్వర్‌లో ఎస్‌డీ కార్డు చచ్చిపోయింది, ఆ సంగతి నాకు తెలిసిందే పావుగంటకోసారి చీకటి పడటంతో.

గోడ మీద మీట ఉన్న ఏ పరికరానికైనా నేను ఏపీఐ టైమౌట్ సున్నా పెట్టేస్తాను. వైఫై విభాగం కింద కూడా అదే పేరుతో ఇంకో టైమౌట్ ఉంది, ఎంక్యూటీటీ కింద మూడోది. అన్నీ 15 నిమిషాలే. ఒకటి మార్చి మిగతావి మరిచిపోకండి.

ఇవన్నీ చేసినా ఎప్పుడో ఒకసారి రీస్టార్ట్ తప్పదు, కనీసం అప్‌డేట్ ఎక్కించినప్పుడైనా. జీపీఐఓ స్విచ్‌కు (చిప్ పిన్‌తో నడిచే మీ రిలే లాంటిది) రీస్టోర్ మోడ్, అంటే ఏ స్థితిలో లేవాలన్నది, రాయకపోతే ఎప్పుడూ ఆరిన స్థితిలోనే లేస్తుంది. మీ లైటు ఆరి ఉండిపోవడానికి కారణం అదే. 'రీస్టోర్ డిఫాల్ట్ ఆఫ్' అని పెడితే పాత స్థితి గుర్తుంచుకుంటుంది. అయితే ఈఎస్‌పీ8266 ఆ గుర్తును మామూలుగా పెట్టుకునేది ఆర్టీసీ మెమరీలో. రీస్టార్ట్ అయితే ఉంటుంది, కరెంటు పోతే పోతుంది. కరెంటు పోయినా కావాలంటే ఈఎస్‌పీ8266 విభాగం కింద 'రీస్టోర్ ఫ్రమ్ ఫ్లాష్' ఆన్ చేయాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. అదే విభాగంలో 'ఎర్లీ పిన్ ఇనిట్' అని ఉంటుంది. దాన్ని ఫాల్స్ చేయండి. లేకపోతే పాత స్థితి గుర్తున్నా, రీస్టార్ట్‌లో రిలే ఒక్కసారి టక్కుమని పడి లేస్తుంది. లైటుకు పర్లేదు, ఆ ప్లగ్ మీద కంప్యూటర్ ఉంటే ఏడుపే.

గోడస్విచ్

అక్కా, ఈ మూడూ రాసుకున్నాను. ఎర్లీ పిన్ సంగతి నేను తెచ్చిన ముక్కల్లో ఎక్కడా లేదు.

చుక్కలరాత్రి

పాతకాపు గారూ, పట్టేశారు. బ్రోకర్‌లో నా ప్లగ్ కమాండ్ టాపిక్ మీద 'ఆన్' అన్న మెసేజ్ ఒకటి రీటెయిన్ గుర్తుతో కూర్చుని ఉంది. మొదట్లో చేత్తో రాసిన యామ్ల్‌లో రీటెయిన్ ట్రూ ఉండేది. తర్వాత టాస్మోటా ఇంటిగ్రేషన్‌కు మారి ఆ ఫైల్ తీసేశాను. ఫైల్ పోయింది గానీ మెసేజ్ పోలేదు.

పాతకాపు

పోదు. రీటెయిన్ చేసిన మెసేజ్‌ను మస్కిటో (బ్రోకర్ సాఫ్ట్‌వేర్) డిస్క్ మీద కూడా దాచుకుంటుంది, బ్రోకర్‌ను రీస్టార్ట్ చేసినా ఉంటుంది. మీ ప్లగ్ ప్రతిసారీ బ్రోకర్‌కు కనెక్ట్ అయి 'నాకేమైనా ఉందా' అంటుంది. 'ఉంది, వెలుగు' అని బ్రోకర్ ఆ పాత చీటీ చేతిలో పెడుతుంది. పవర్‌ఆన్‌స్టేట్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది, ఆ తర్వాత రెండు సెకన్లకు ఈ చీటీ అందుతోంది.

అదే టాపిక్‌కు, రీటెయిన్ ఆన్ చేసి, ఖాళీ మెసేజ్ ఒకటి పంపండి. చెరిగిపోతుంది. హోమ్ అసిస్టెంట్ డెవలపర్ టూల్స్ నుంచే చేయొచ్చు. స్థితి చెప్పే మెసేజ్‌లకు రీటెయిన్ ఉంటే మంచిదే, ఆజ్ఞలకు మాత్రం ఎన్నడూ వద్దు.

చుక్కలరాత్రి

చెరిపాను. రూటర్‌ను మూడుసార్లు ఆపి వేశాను. ఆరినది ఆరినట్టే ఉంది. ఇంట్లో వాళ్లు నన్నొక రకంగా చూస్తున్నారు.

ఒకటే_పింగ్

టాస్మోటా వాళ్లకు ఇంకో మాట, ఆపి వేయడం గురించి. పరికరానికే కరెంటు వరసగా ఆరుసార్లు, పది సెకన్ల లోపు తేడాలతో, పోయి వచ్చి ఏడోసారి నిలబడితే టాస్మోటా అది 'నన్ను కాపాడు' అన్న సైగ అనుకుని సెట్టింగులన్నీ చెరిపేసుకుంటుంది. కరెంటు మినుకు మినుకుమనే చోట ఇది నిజంగానే జరుగుతుంది. అలాంటి చోట సెట్‌ఆప్షన్65ను 1 చేసుకోండి. అప్పుడు ఆ తప్పించుకునే దారి మూసుకుపోతుందని కూడా గుర్తుంచుకోండి, తర్వాత పాస్‌వర్డ్ తప్పు కొడితే మళ్లీ విప్పాల్సిందే.

కొత్తమీట

గోడస్విచ్ గారి కథ చదివి నేనూ అదే మోడల్ స్విచ్ తెచ్చాను. పెట్టె అదే, మీటలు అవే. విప్పి చూస్తే లోపల ఈఎస్‌పీ లేదు, సీబీ2ఎస్ అని రాసి ఉంది. టాస్మోటా ఎక్కదా?

టంకంపొగ

ఎక్కదు. అది బీకే7231ఎన్ చిప్. టాస్మోటా ఈఎస్‌పీలు చేసే ఎస్‌ప్రెస్సిఫ్ కంపెనీ చిప్‌లకే. ఒకే మోడల్ పేరు మీద లోపల చిప్ మారిపోవడం ఈ రంగంలో మామూలే, విప్పేదాకా తెలియదు.

మీకు రెండు దారులున్నాయి. ఓపెన్‌బెకెన్ అనే ఫర్మ్‌వేర్ వాడుకలో టాస్మోటాకు బాగా దగ్గరగా ఉంటుంది, ఎంక్యూటీటీతో హోమ్ అసిస్టెంట్‌కు కలుస్తుంది. లేదా ఈఎస్‌పీహోమే. లిబ్రెటైనీ అనే ప్రాజెక్టు ద్వారా 2023.9 వెర్షన్ నుంచి ఈ చిప్‌లను ఒప్పుకుంటోంది. అయితే పైన అక్క చెప్పిన ఈఎస్‌పీ8266 విభాగపు చిట్కాలు దీనికి వర్తించవు.

విప్పకుండా గాల్లోనే ఎక్కించే క్లౌడ్‌కట్టర్ అనే పనిముట్టు ఉంది. లోపలున్న ఫర్మ్‌వేర్ పాతదైతే పని చేస్తుంది, అది దూరే భద్రతా కన్నం పూడ్చేసిన కొత్తదైతే చేయదు. ఒకసారి ప్రయత్నించండి. అందుకే, తయారీదారు యాప్‌లో ముందు కలిపి 'అప్‌డేట్ చేయమంటావా' అంటే సరేనని నొక్కకండి.

చేత్తో ఎక్కించాలంటే సీరియల్ తీగలు, 3.3 వోల్టులు, సీఈఎన్ (రీసెట్) పిన్‌ను ఒక్క క్షణం గ్రౌండ్‌కు తాకించడం. ఎక్కించే ముందు ఎల్‌టీచిప్‌టూల్ అనే పనిముట్టుతో పాత ఫర్మ్‌వేర్ కాపీ తీసి దాచుకోండి. ఏ పిన్‌కు ఏ రిలే అన్నది చాలాసార్లు ఆ కాపీలోంచే తవ్వి తీయొచ్చు. నేను మొదటిసారి కాపీ తీయలేదు. మల్టీమీటర్ పట్టుకుని ఒక ఆదివారం మొత్తం పిన్నులు వెతుక్కున్నాను.

కొత్తమీట

క్లౌడ్‌కట్టర్ ఒప్పుకోలేదు. టంకం పెట్టడం రాదు, నేర్చుకుంటాను. పాడైపోయిన పాత రేడియో ఒకటి ఉంది, దాని మీద చేయి తిప్పుకుని వస్తాను.

గోడస్విచ్

రెండు రోజుల తర్వాత సంగతి. ఎంక్యూటీటీ తీసేసి ఏపీఐకి మారాను (టంకంపొగ అన్నా, క్షమించాలి). హోమ్ అసిస్టెంట్ నుంచి ఆ నెట్‌వర్క్‌కు 6053 పోర్టు మూసి ఉంది, దాన్ని తెరవాల్సి వచ్చింది. టైమౌట్లు సున్నా, రీస్టోర్ మోడ్, ఎర్లీ పిన్ అన్నీ రాశాను. బ్రోకర్‌లో పాత మీటల రీటెయిన్ మెసేజ్‌లు మిగిలిపోయి హోమ్ అసిస్టెంట్‌లో బూడిద రంగు పరికరం ఒకటి వేలాడుతుంటే, చుక్కలరాత్రి గారికి చెప్పిన ఖాళీ మెసేజ్ చిట్కాతోనే వదిలించాను.

నిన్న సాయంత్రం లైటు వెలిగించి, హోమ్ అసిస్టెంట్ కంప్యూటర్‌ను కావాలనే ఆపేసి గంటసేపు కింద కూర్చున్నాను. ఆరలేదు. మీట నొక్కితే ఆరింది, మళ్లీ నొక్కితే వెలిగింది.

అప్‌టైమ్ 1,73,000 సెకన్లు దాటింది. గ్రాఫ్‌లో ఒక్కటే గీత, ఇంకా పైకే పోతోంది.